రెండు మార్కుల బాకీ: వేరులోని శిలీంధ్రాల ఇంటిపేర్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "మాస్టారూ, పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు మాత్రం ఒక పాఠం చెప్పండి" అన్నారు. ఈ బడిలోనే చదువుకుని, మళ్లీ ఈ బడికే న్యాచురల్ సైన్స్ మాస్టారుగా వచ్చి, ఇక్కడే రిటైరైనవాణ్ని. పాఠం చెప్పమంటే కాదనలేను. అయితే ఏ పాఠం చెప్పాలా అని నేను పెద్దగా ఆలోచించలేదు. ఈ బడిలో నేనొకరికి బాకీ పడ్డాను. రెండు మార్కుల బాకీ. అది తీర్చే పాఠమే చెబుదామనుకున్నాను.

1989లో తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్ష. "మైకోరైజా అనగానేమి?" అని రెండు మార్కుల ప్రశ్న. నేను నోట్సులో రాయించిన జవాబు: "మొక్కల వేర్లపై పెరిగే ఒక రకమైన శిలీంధ్రమును మైకోరైజా అందురు." క్లాసంతా అదే రాసింది. ఒక అమ్మాయి మాత్రం, "మైకోరైజా అనేది శిలీంధ్రం పేరు కాదు. శిలీంధ్రమూ వేరూ కలిసి బతికే పద్ధతి పేరు" అని రాసింది. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాను. పేపర్లు ఇచ్చిన రోజు ఆమె లేచి నిలబడి, "ఎందుకు సార్ తప్పు?" అని అడిగింది. "నోట్సులో ఉన్నది రాయాలమ్మా, సొంత కవిత్వం కాదు" అన్నాను. పిల్లలంతా నవ్వారు. ఆమె కూర్చుంది.

ఏడేళ్ల తర్వాత ఒక వేసవి శిక్షణ తరగతిలో ఒక లెక్చరర్ గారు వేరుశెనగ వేరు ముక్కకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టారు. వంతులవారీగా చూశాం. వేరు కణాల్లో నీలంగా చిన్న చిన్న చెట్ల బొమ్మలు. ఆయన వెనకనుంచి చెబుతున్నారు: "మైకోరైజా అంటే శిలీంధ్రం కాదండీ, సంబంధం. చాలామంది మాస్టార్లు ఇక్కడే పొరబడతారు." మైక్రోస్కోపు మీదినుంచి తల ఎత్తడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆ రోజు మొదలుపెట్టిన చదువు ఇప్పటికీ సాగుతోంది. నేను పరిశోధకుణ్ని కాను. చదివి అర్థం చేసుకున్నది చెప్పే బడిపంతుల్ని.

మైకోరైజా అన్న మాట 1885లో పుట్టింది. జర్మనీలో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రవేత్త ఉండేవారు. ట్రఫుల్ అని నేలలోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు ఒకటుంది. దాన్ని సాగు చేసే వీలుందేమో చూడమని ప్రష్యా ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. ఆయన అడవి చెట్ల వేర్లు తవ్వి చూస్తే, సన్న వేళ్ల కొసలకు మేజోడు తొడిగినట్టు శిలీంధ్రం కప్పుకుని ఉంది. చెట్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. అంటే ఇది తెగులు కాదు. గ్రీకులో మైకెస్ అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు. రెండూ కలిపి ఆయన మైకోరైజా అన్నారు. శిలీంధ్రం చెట్టుకు నీళ్లూ లవణాలూ అందిస్తుంది, చెట్టు దానికి తిండి పెడుతుంది అని ఆయన చెబితే చాలామంది నమ్మలేదు. చూశారా, మాట పుట్టిన రోజునుంచీ అది సంబంధం పేరే. తొమ్మిదో తరగతి పిల్లకు తెలిసినది మాస్టారికి తెలియలేదు.

ఇది మాటల తేడాయే కదా అనిపించవచ్చు. కాదు. మా బ్యాచ్‌లో ఏడుగురం మాస్టార్లమయ్యాం. ఊళ్లో మమ్మల్నందరినీ "మాస్టారు" అనే పిలుస్తారు. అంతమాత్రాన ఏడుగురం ఒక తండ్రి బిడ్డలం కాము. మా ఇంటిపేర్లు వేరు, ఊళ్లు వేరు, ఈ వృత్తిలోకి వచ్చిన దారులు వేరు. మైకోరైజా కూడా "మాస్టారు" లాంటి మాట. అది పనిపేరు, ఇంటిపేరు కాదు. ఆ పని చేసే శిలీంధ్రాలన్నీ ఒక కుటుంబమనుకుంటే, వాటి చరిత్రంతా తప్పుగా అర్థమవుతుంది. అవి ఏ ఇంటివో తేల్చడానికే శాస్త్రవేత్తలు రెండు వందల ఏళ్లుగా తంటాలు పడుతున్నారు.

ముందు ఆ పనిలోని రకాలు చెబుతాను. మొదటిది ఆర్బస్క్యులర్ రకం. శిలీంధ్రం వేరు కణం లోపలికి వెళ్లి చెట్టులా కొమ్మలు వేస్తుంది. నేను ఆ రోజు చూసిన నీలం బొమ్మలు అవే. మన వేరుశెనగ, మిరప, జొన్న, పత్తి, పసుపు, మామిడి, వేప అన్నీ ఈ రకమే. 2018లో వేసిన ఒక అంచనా ప్రకారం నాళికలున్న మొక్కల జాతుల్లో సుమారు 72 శాతానికి ఈ సంబంధం ఉంది. రెండోది బాహ్యరకం, ఎక్టోమైకోరైజా. ఫ్రాంక్ చూసిన మేజోళ్లు ఇవి. శిలీంధ్రం వేరును పైనుంచి కప్పి, కణాల మధ్య సందుల్లోకి వెళుతుంది గానీ కణంలోకి పోదు. ఇది 2 శాతం జాతుల్లోనే ఉంది. కానీ ఆ కొద్ది జాతుల్లోనే పైన్లు, ఓక్‌లు, మన సాల వృక్షాలు ఉన్నాయి. అంటే లెక్కకు కొద్ది, విస్తీర్ణానికి మహారణ్యాలు. మూడోది ఆర్కిడ్ల రకం, నాలుగోది ఎరికాయిడ్ రకం. ఈ నాలుగోది చల్లని కొండల్లో రోడోడెండ్రాన్ కుటుంబపు మొక్కలకు ఉంటుంది. ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి, పాలకూర వంటివి ఈ పొత్తు అసలే పెట్టుకోవు.

ఇక ఈ శిలీంధ్రాలు ఎవరి వంశం? మన తెలుగులో "పుట్టగొడుగు" అన్న మాటే ఒక వర్గీకరణ. పుట్ట మీద లేచే గొడుగు. అది ఉండేచోటును బట్టి పెట్టిన పేరు. చెదపురుగులు పెంచుకునే ఆ జాతులకు రోజర్ హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1942లో టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టారు. చెదకూ దానికీ ఉన్న చుట్టరికాన్ని మనవాళ్లు అంతకు ఎంతో ముందే పేరులో పెట్టేశారు. కానీ ఆ పేరునే వరిగడ్డి మీద లేచేదానికీ, సాలచెట్టు కింద లేచేదానికీ వాడతాం. చోటును బట్టి పెట్టిన పేరు వంశం చెప్పదు.

శాస్త్రం కూడా ఇలాగే తడబడింది. నేను చదువుకున్నప్పుడు శిలీంధ్రాలు మొక్కల్లోనే ఒక భాగం. పత్రహరితం లేని మొక్కలు అని బట్టీపట్టాం. విటేకర్ 1969లోనే వాటికి సొంత రాజ్యం ఇచ్చినా మా పుస్తకాల్లోకి ఆ సంగతి నింపాదిగా వచ్చింది. 1993 నాటికి జన్యువులను పోల్చి చూసినవారు మరో మాట చెప్పారు: శిలీంధ్రాలకు మొక్కలకన్నా జంతువులే దగ్గర చుట్టాలని. వాటి కణకవచంలో ఉండేది రొయ్యపెంకులో ఉండే కైటిన్. అవి దాచుకునేది పిండిపదార్థం కాదు, మన కాలేయంలో ఉండే గ్లైకోజెన్. అంటే వేరులో జరుగుతున్న పొత్తు ఇద్దరు మొక్కల మధ్య కాదు. మొక్కకూ, మనవైపు చుట్టానికీ మధ్య.

ఆర్బస్క్యులర్ రకాన్నే తీసుకుందాం. ఇవి పుట్టగొడుగులు వేయవు. నేలలో సిద్ధబీజాలు మాత్రం వదులుతాయి. చిన్నవి కంటికి ఆనవు, పెద్దవి గసగసాల గింజలోపు ఉంటాయి. 1809లో లింక్ అనే శాస్త్రవేత్త ఎండోగోన్ అనే ప్రజాతిని వర్ణించారు. తర్వాత ఈ వేరు శిలీంధ్రాలను కూడా చాలాకాలం ఆ ఎండోగోన్ పక్కనే కూర్చోబెట్టారు. 1840ల్లో ఫ్రాన్స్‌లో తులాన్ సోదరులు గ్లోమస్ అనే పేరు పెట్టారు. ఆ సిద్ధబీజాలు వేరులో కనిపించే చెట్ల బొమ్మలవేనని అప్పట్లో ఎవరికీ తెలియదు. 1963లో గెర్డెమన్, నికొల్సన్ అనే ఇద్దరు మట్టిని నీళ్లలో కలిపి సన్న జల్లెళ్ల గుండా పోసి సిద్ధబీజాలను వేరుచేసే పద్ధతి చూపించారు. మన ఇళ్లలో బియ్యం కడిగి రాళ్లు తీసినంత సులువైన పద్ధతి. దాంతో లోకమంతా మట్టి జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. 1974లో గెర్డెమన్, ట్రాపీ కలిసి ఈ గుంపును గ్లోమస్, స్క్లీరోసిస్టిస్, గిగాస్పోరా, అకాలోస్పోరా అని విడదీశారు.

దేన్ని బట్టి విడదీశారు? సిద్ధబీజం ఎలా పుడుతుందో దాన్ని బట్టి. తంతువు కొసన నేరుగా పుడితే గ్లోమస్. ఉల్లిగడ్డలా ఉబ్బిన కొస మీద పుడితే గిగాస్పోరా. ఒక సంచి మెడ పక్కన పుడితే అకాలోస్పోరా. అప్పటికి చేతిలో ఉన్నది ఇదే ఆధారం. మనుషులను ముక్కు తీరును బట్టి కుటుంబాలుగా విడదీసినట్టు. కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు పరువు తీస్తుంది. 1997లో తేలిన ఒక సంగతి చూడండి. అకాలోస్పోరా గెర్డెమనై అని ఒక పేరు, గ్లోమస్ లెప్టోటైకమ్ అని మరో పేరు. రెండు ప్రజాతులు, రెండు రకాల సిద్ధబీజాలు. తీరా చూస్తే రెండూ ఒకే శిలీంధ్రం రెండు విధాలుగా వేసే బీజాలు! పైగా జన్యువులు చూస్తే అది ఆ రెండిళ్లలో దేనిదీ కాదు. ఇప్పుడు దాన్ని ఆంబిస్పోరా అంటున్నారు. ఆంబి అంటే రెండువైపులా అని.

జన్యువులు చూసి చుట్టరికం ఎలా చెబుతారు? ఇది మాస్టార్లకు చెప్పనక్కరలేదు. రెండు పేపర్లలో సరైన జవాబు ఒకేలా ఉంటే మనం అనుమానించం. ఇద్దరూ చదువుకుని ఉండవచ్చు. కానీ ఒకే చోట ఒకే వింత తప్పు ఉంటే? ఒకరినొకరు చూసి రాశారు, లేదా ఇద్దరూ ఒకే నోట్సు చూసి రాశారు. జన్యువు కూడా తరతరాలుగా తిరిగి రాసుకునే నోట్సే. రాసేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు సంతానానికంతా పోతుంది. రెండు జీవుల్లో ఒకే చోట్ల ఒకే మార్పులు గుత్తులుగా కనిపిస్తే అవి ఒకే పూర్వీకుడి నోట్సు చూసి రాసుకున్నవన్నమాట. ప్రతి కణంలోనూ ఉండే రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ జన్యువు ఇందుకు బాగా అక్కరకొచ్చింది. అది లేని జీవి లేదు గనుక అందరి పేపర్లనూ పక్కపక్కన పెట్టి దిద్దవచ్చు.

అలా దిద్దగా 2001లో షూస్లర్, ష్వార్జోట్, వాకర్ అనే ముగ్గురు ఒక నిర్ణయానికొచ్చారు. అప్పటిదాకా ఈ శిలీంధ్రాలను రొట్టె బూజుతో కలిపి జైగోమైకోటా అనే వర్గంలో ఉంచారు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారికి ఆ మాట గుర్తుండే ఉంటుంది. కానీ జన్యువులు చూస్తే వీటిది విడి వంశం. గ్లోమెరోమైకోటా అని సొంత వర్గం ఇచ్చారు. కథ అక్కడితో ఆగలేదు. 2016లో పూర్తి జన్యుపటాలు పోల్చి చూసి, జైగోమైకోటా అన్న వర్గాన్నే రద్దుచేసి రెండుగా విడగొట్టారు. అందులో మ్యూకోరోమైకోటా అనే పెద్ద ఇంట్లో మన గ్లోమెరో వంశాన్ని ఒక గదిగా పెట్టారు. కాదు, విడి ఇల్లుగానే ఉంచాలనేవారు ఇప్పటికీ ఉన్నారు. అన్నదమ్ముల ఆస్తి తగాదాలాగే ఇదీ నడుస్తోంది. అయితే తగాదా గోడ ఎక్కడ కట్టాలనే. ఎవరు ఎవరికి చుట్టమన్న దాంట్లో పెద్ద తేడా లేదు.

ఈ వంశం ఎంత పాతది? స్కాట్లాండ్‌లో రైనీ అనే ఊరి దగ్గర 40 కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లున్నాయి. వేడినీటి ఊటల్లో మునిగి మొక్కలు కణాలతో సహా రాయిగా మారిపోయిన చోటు అది. అక్కడి అగ్లావోఫైటాన్ అనే మొక్కలో, అచ్చం మన వేరుశెనగలో కనిపించే చెట్ల బొమ్మలే ఉన్నాయని 1994లో ప్రకటించారు. ఆ మొక్కకు అసలు వేర్లే లేవు! కాండంలోనే శిలీంధ్రం కాపురం పెట్టింది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో సుమారు 46 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో గ్లోమస్ లాంటి సిద్ధబీజాలు దొరికాయి. అంటే వేరుకన్నా ముందే ఈ పొత్తు ఉంది. మొక్కలు నీటిలోంచి నేల మీదికి వచ్చినప్పుడు, భాస్వరం తెచ్చిపెట్టే తోడు ముందే దొరికింది. తర్వాత ఎప్పటికో మొక్క తనకంటూ వేరు వేసుకుంది.

అంతకాలం కలిసి బతికాక శిలీంధ్రం ఎంత మారిందంటే, మొక్క లేకుండా బతకలేదు. 2013లో దీని జన్యుపటం వెలువడింది. మొక్కల కణకవచాన్ని కోసే ఎంజైములు దాదాపు లేవు. సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే ముఖ్యమైన ఎంజైము కూడా దీనికి లేదు. మొక్క దీనికి చక్కెరే కాదు, కొవ్వూ పెడుతోందని 2017లో కొన్ని బృందాలు విడివిడిగా చూపించాయి. ఇంట్లో నెయ్యికూడా వేసి పెట్టే అత్తగారు ఉంటే అల్లుడు వంట నేర్చుకుంటాడా?

ఇప్పుడు రెండో రకానికి వద్దాం. బాహ్యరకం శిలీంధ్రాల కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ ఒకే పాత వంశం. ఇక్కడ 80 దాకా వంశాలు ఎవరికివారే ఈ పనిలోకి వచ్చాయి. గొడుగులు వేసే అమానిటా, రుస్సులా ఒకవైపు. ఫ్రాంక్‌ను అడవికి పంపిన ట్రఫుల్ మరోవైపు. ట్రఫుల్‌కు రుస్సులాకన్నా మన బ్రెడ్డు పొంగించే ఈస్టే దగ్గర చుట్టం. 2015లో వీటి జన్యుపటాలను పెద్ద ఎత్తున పోల్చి చూశారు. వీటిలో చాలావాటి పూర్వీకులు కట్టెనో రాలిన ఆకునో కుళ్లబెట్టి బతికేవే. వేరుతో పొత్తు కుదిరాక కుళ్లబెట్టే ఎంజైముల జన్యువులను చాలావరకు పోగొట్టుకున్నాయి. అదీ ఒక్కసారి కాదు. వంశం తర్వాత వంశం, ఎవరికివారే. పనిపేరు ఒకటే, ఇంటిపేర్లు ఎనభై అన్నాను కదా, ఇదే.

మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. జార్ఖండ్ సాల అడవుల్లో తొలకరి పడగానే నేల గీకి చిన్న గుండ్రటి గడ్డలు తీసి సంతలో అమ్ముతారు. రుగ్డా అంటారు. శాకాహారులకు మాంసం రుచి అని పేరు. దీని ప్రజాతి ఆస్ట్రేయస్. ముదిరితే పైతోలు నక్షత్రంలా విచ్చుకుంటుంది. అచ్చం అలాగే విచ్చుకునేది జియాస్ట్రమ్ అని మరొకటుంది. పక్కపక్కన పెడితే కవల పిల్లలే అంటారు. కానీ జన్యువుల ప్రకారం ఆస్ట్రేయస్ బొలీటస్‌ల క్రమానికి చెందింది, చెట్టు వేరుతో పొత్తున్నది. జియాస్ట్రమ్ క్రమం వేరు, అది ఆకుచెత్త కుళ్లబెట్టి బతికేది. రూపం ఒకటే, వంశం వేరు, బతుకూ వేరు.

సాల వృక్షం కుటుంబానికే గుగ్గిలపు కుటుంబమని పేరు. శేషాచలం అడవుల్లోని జాలారి చెట్టు ఆ కుటుంబానిదే. గుజరాత్‌లో తడకేశ్వర్ లిగ్నైట్ గనిలో ఆ కుటుంబపు చెట్ల బంక గట్టిపడి అంబర్ రాయిగా దొరుకుతుంది. వయసు సుమారు 5.2 కోట్ల ఏళ్లు. ఆ అంబర్‌లో శిలీంధ్రపు మేజోడుతో సహా చెట్టు వేళ్ల కొసలు చిక్కుకుని ఉన్నాయని 2011లో వెల్లడించారు. రైనీ రాయిది 40 కోట్ల ఏళ్లు, ఈ అంబర్‌ది 5 కోట్ల ఏళ్లు. రెండింటినీ ఒకే మాటతో "వేర్లపై పెరిగే ఒక రకమైన శిలీంధ్రము" అని రాయించానే, నేనెంత చరిత్రను ఒక్క వాక్యం కింద పాతిపెట్టానో చూడండి.

ఆర్కిడ్ల సంగతి ఇంకా వింత. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. శిలీంధ్రం వచ్చి తిండి పెడితేనే అది అడవిలో మొలుస్తుందని 1899లో నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టారు. ఆ దాది పని చేసే శిలీంధ్రాలు ఎవరో తెలుసా? వాటిలో కొన్ని మన వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియాకు దగ్గరి చుట్టాలు. ఒకే ఇంట్లో ఒకరు దాది, ఒకరు దొంగ. కుటుంబం చూసి గుణం నిర్ణయించడం కూడా పొరపాటేనని ఇది చెబుతుంది.

ఈ సభలో రైతులు చాలామంది ఉన్నారు. "మాస్టారూ, ఈ పేర్లు మారితే మాకేమిటి?" అని మీరనుకుంటూ ఉండవచ్చు. మీరు కొనే సంచుల మీద "వామ్" అని ఉంటుంది. అందులో వి అంటే వెసికిల్, చిన్న తిత్తి. కానీ గిగాస్పోరా వంశం వేరులో తిత్తులు వేయదని తేలాక శాస్త్రవేత్తలు వి తీసేసి ఏఎం అంటున్నారు. సంచి మీద మాత్రం పాత పేరే నిలిచిపోయింది. లోపలి జాతి పేరు గ్లోమస్ ఇంట్రారాడిసిస్ అని చూసి ఉంటారు. లోకమంతా ప్రయోగశాలల్లో పెంచిన ప్రధానమైన రకాన్ని ఏళ్లతరబడి ఆ పేరుతోనే పిలిచారు. జన్యువులు చూస్తే అది అసలు ఆ జాతే కాదని 2009లో తేలింది. ఇప్పుడు దాని పేరు రైజోఫేగస్ ఇర్రెగ్యులారిస్. అంటే పాత పరిశోధనా వ్యాసంలో "ఈ జాతి వాడితే దిగుబడి పెరిగింది" అని ఉంటే, వాడింది నిజంగా ఏ జాతి అన్నది ముందు అడగాలి. పేరు తప్పయితే ఫలితం మరొకరి ఖాతాలో పడుతుంది.

కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి ఇవి. ఈ శిలీంధ్రం వేరు లేకుండా పెరగదు గనుక సంచిలో ఉండేది సిద్ధబీజాలు, శిలీంధ్రం పట్టిన వేరుముక్కలు. బతికున్నవి ఎన్నో, గడువు తేదీ ఎప్పుడో చూడండి. విత్తనానికో నారు వేరుకో తగిలేలా వేస్తేనే పని. నేలలో భాస్వరం ఇప్పటికే దండిగా ఉంటే మొక్క ఈ పొత్తును తగ్గించుకుంటుంది. క్యాబేజీకి, ముల్లంగికి వేయడం డబ్బు దండగ. ఇవి పొత్తు పెట్టుకోని కుటుంబమని పైన చెప్పాను కదా. వర్గీకరణ తెలిస్తే జేబుకు కలిసొచ్చేది ఇక్కడే.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. గ్లోమస్ టెన్యూ అని చాలా సన్నని తంతువులున్న శిలీంధ్రం ఒకటి ఉండేది. అది కూడా వేరు కణాల్లో చెట్ల బొమ్మలు వేస్తుంది. కనుక గ్లోమస్ ఇంట్లోదేనని అందరూ నమ్మారు. 2017లో జన్యువులు చూస్తే అది ఆ వంశమే కాదు, మొదట చెప్పిన ఎండోగోన్ వైపు చుట్టం. మరుసటి ఏడాది కొత్త పేరు పెట్టారు. అంటే చెట్ల బొమ్మ కూడా ఒక ఇంటి సొత్తు కాదు. వర్గీకరణ ఇలా దిద్దుకుంటూనే ఉంటుంది. దిద్దుకోవడం దాని లోపం కాదు, దాని పని. పిల్లల పేపర్లు దిద్దడం నాకు బాగా తెలుసు. నా నోట్సు నేను దిద్దుకోవడమే ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇప్పటి ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. వేరుకు రంగు పట్టించడానికి ఖరీదైన రసాయనాలు అక్కరలేదు. 1998లో వచ్చిన ఒక పద్ధతిలో సిరా, వెనిగర్ చాలు. వేరుశెనగ సన్నవేళ్లు కడిగి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో తెల్లబడేదాకా మరిగించాలి. ఈ పని మాత్రం చేతితొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని మాస్టారే చేయాలి, పిల్లలు కాదు. నీళ్లతో బాగా కడిగి, వెనిగర్‌లో 5 శాతం సిరా కలిపి మూడు నిమిషాలు మరిగించాలి. తర్వాత కొద్ది చుక్కల వెనిగర్ వేసిన నీళ్లలో ఉంచితే అదనపు రంగు పోతుంది. అన్ని సిరాలూ ఒకలా పట్టవు, రెండు మూడు రకాలు వాడి చూడండి. పక్కనే ముల్లంగి వేరుకూ ఇలాగే చేయండి. రెండూ పిల్లలకు చూపించి, ఏమీ చెప్పకుండా, "ఏం తేడా ఉంది?" అని మాత్రం అడగండి. నోట్సు తర్వాత రాయించండి. మా బ్యాచ్ తరఫున ఇందుకు ఒక మైక్రోస్కోపు ఈ రోజే ల్యాబుకు ఇస్తున్నాం.

చివరగా బాకీ సంగతి. పోయిన నెల ఈ సంఘం వాళ్ల దగ్గర నంబరు తీసుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మాయి అంటున్నాను గానీ, ఇప్పుడు ఒక బ్యాంకులో పెద్ద ఉద్యోగంలో ఉంది. "అమ్మా, 1989లో నీ జవాబు సరైనదే, తప్పు నాది" అన్నాను. మర్చిపోయి ఉంటుందనుకున్నాను. "రెండు మార్కులు సార్. దాంతోనే ఫస్ట్ ర్యాంకు పోయింది. బోటనీ అంతా మర్చిపోయాను గానీ అది మర్చిపోలేదు" అంది. ఆ తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆమే అడిగింది: "ఇంతకీ సార్, అవన్నీ ఒకే కుటుంబమా?"

ఇరవై నిమిషాలుగా మీకు చెప్పిందంతా ఆ ప్రశ్నకు జవాబే. ఆ రోజు క్లాసులో అందరి ముందూ కొట్టేసిన మార్కులు గనుక, ఇప్పుడు అందరి ముందే వేస్తున్నాను. తొమ్మిదో తరగతి, అర్ధసంవత్సర పరీక్ష, మైకోరైజా ప్రశ్న: రెండుకు రెండు.